అలంకరణ ఎప్పుడు నైపుణ్యమవుతుంది?

కంప్యూటరు తెరవగానే కనిపించే తెరని డెస్క్‌టాప్ అంటాం. దాన్ని తమకు నచ్చినట్టు తీర్చిదిద్దుకుని, ఫొటో తీసి నలుగురికీ చూపించుకునే అలవాటు లినక్స్ వాడేవాళ్ళలో ఇరవై అయిదేళ్ళకు పైగా ఉంది. వెనక పరిచే బొమ్మ, కిటికీల అంచుల మందం, అక్షరాల రూపు, మూలన గడియారం ఉండాలా వద్దా, ఒక కిటికీకీ మరో కిటికీకీ మధ్య ఎంత ఖాళీ వదలాలి - ఇలాంటి వాటి మీద రాత్రులకు రాత్రులు గడుపుతారు. బొమ్మ పెట్టగానే చూసినవాళ్ళు అడిగేది 'ఫైళ్ళు ఇవ్వండి' అని. పెట్టినవాళ్ళు ఇస్తారు కూడా, డబ్బు ఊసు లేకుండా. మరొకరు వాటిని తీసుకుని రంగులు మార్చి, ఇంకో అంచు కుట్టి, మళ్ళీ చూపిస్తారు.

ఈ వర్ణనలోంచి 'కంప్యూటరు', 'లినక్స్' అనే రెండు మాటలు తీసేసి చదివితే మనకి గుర్తొచ్చేది మన అమ్మల ముగ్గుల పుస్తకాలు, అల్లికల నమూనాలు, ఇరుగుపొరుగు చేతులు మారే జాకెట్టు డిజైన్లు. కాని ఈ తెరలు తీర్చేవాళ్ళలో అత్యధికులు మగవాళ్ళు. వాళ్ళు చేసేదాన్ని ఎవరూ 'పొద్దుపోక చేసే పని' అనరు. అది సిస్టం గురించిన జ్ఞానం, ఉద్యోగానికి అర్జీ పెట్టేటప్పుడు గర్వంగా చూపించుకోదగ్గ పనితనం. ఒకే స్వభావం ఉన్న పని ఒక చేతిలో అలంకరణ, ఇంకో చేతిలో నైపుణ్యం ఎలా అయింది? ఈ తేడా ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వెళ్తే, ముందు ఆ 'డెస్కు' ఎవరిదో అడగాల్సి వచ్చింది.

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీ పరిశోధనాలయం పార్క్‌లో 1973లో ఆల్టో అనే కంప్యూటరు తయారైంది. కాగితంలా నిలువుగా ఉండే తెర, చేతికింద మౌసు. ఆ తర్వాత ఒకటి రెండేళ్ళలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు పరిశోధకులు, జిరాక్స్ అధీనంలోనే ఉన్న గిన్ అనే పాఠ్యపుస్తక ప్రచురణ సంస్థ కోసం జిప్సీ అనే రాత పరికరాన్ని తయారు చేశారు. ఆ రోజుల్లో టెస్లర్ చేసిన ఒక ప్రయోగం చరిత్రకెక్కింది. కొత్తగా చేరిన ఒక సెక్రటరీని ఖాళీ తెర ముందు కూచోబెట్టి, దిద్దుబాట్లున్న కాగితం చేతికిచ్చి, 'ఈ తెర మీద వీటిని దిద్దాలంటే నువ్వేం చేస్తావో చెప్పు' అన్నాడు. ఇక్కడ వేలు పెట్టి ఈ మాట చేరుస్తాను, ఈ మాట మీదుగా గీత గీసి కొట్టేస్తాను అని ఆమె తనకి తెలిసిన పని తీరునే చెప్పింది. కత్తిరించడం, అతికించడం అప్పటికి ప్రచురణ కార్యాలయాల్లో నిజంగా కత్తెరతో, జిగురుతో చేసే పనులు. ఈనాటికీ మనం రోజూ నొక్కే 'కట్', 'పేస్ట్' అక్కడినుంచి వచ్చినవే.

1981లో జిరాక్స్ అమ్మకానికి పెట్టిన స్టార్ యంత్రం ధర 16 వేల డాలర్ల పైమాట. దాని తెర మీద కాగితాలు, ఫోల్డర్లు, బీరువా, వచ్చిన ఉత్తరాల బుట్ట, వెళ్ళాల్సిన ఉత్తరాల బుట్ట బొమ్మలుగా వెలిశాయి. 1970ల అమెరికా ఆఫీసుల్లో ఈ వస్తువుల్ని నిజంగా చేత్తో పట్టుకున్నది ఎవరు? ఫోల్డర్లు సర్దింది, బుట్టలు నింపి ఖాళీ చేసింది, ఏ కాగితం ఎక్కడుందో గుర్తు పెట్టుకున్నది దాదాపుగా స్త్రీలే. స్టార్‌ని తయారుచేసింది మాత్రం అధికారుల కోసం, నిపుణుల కోసం. అంటే సెక్రటరీ చేతిలోని వస్తువులన్నీ తెరకెక్కాయి, సెక్రటరీ మాత్రం తెర వెనక్కి జరిగింది. డెస్క్‌టాప్ చరిత్రలు చాలావాటిలో ఆ సెక్రటరీ అర పేరాలో వచ్చి పోయే పాత్ర.

అదే పరిశోధనాలయంలో అడెల్ గోల్డ్‌బర్గ్ ఉంది. ఒకదానిమీద ఒకటి పరుచుకునే కిటికీలు రూపుదిద్దుకున్న స్మాల్‌టాక్ నిర్మాతల్లో ఆమె ఒకరు. 1979 డిసెంబరులో ఆపిల్ బృందం వచ్చి అదంతా చూస్తామన్నప్పుడు, ఇది మన ఇంటి సొత్తు, వాళ్ళకి చూపించొద్దని గట్టిగా వాదించింది కూడా ఆమే. పైవాళ్ళు ఆజ్ఞాపిస్తే తప్ప చూపించనంది. ఆజ్ఞాపించారు. ఆ తర్వాతి కథంతా స్టీవ్ జాబ్స్ పేరుతో అందరికీ తెలిసిందే.

ఆపిల్ కథలో నాకు కావలసిన మనిషి సూసన్ కేర్. కళాచరిత్రలో డాక్టరేటు చేసింది. ఆపిల్‌లో పనిచేస్తున్న హైస్కూలు స్నేహితుడు ఆండీ హెర్ట్‌జ్‌ఫెల్డ్ ఫోన్ చేసేటప్పటికి ఆమె ఒక మ్యూజియం కోసం నిలువెత్తు అడవిపంది శిల్పాన్ని వెల్డింగ్ చేస్తూ ఉంది. 1983లో మాకింటోష్ బృందంలో చేరింది. కంప్యూటర్ల గురించి పెద్దగా తెలియదు. తెలిసిందల్లా చిన్నప్పుడు అమ్మ దగ్గర నేర్చుకున్న, దారాలు లెక్కపెట్టి కుట్టే ఎంబ్రాయిడరీ. గళ్ళ కాగితాల పుస్తకం కొనుక్కుని, 32 గళ్ళు అడ్డం, 32 గళ్ళు నిలువు గీసుకుని, ఒక్కో గడీ నింపుతూ బొమ్మలు వేసింది. నవ్వే కంప్యూటరు, కత్తెర, బాంబు అన్నీ అలా పుట్టినవే. తెర మీది చుక్కలతో బొమ్మ వేయడం కుట్టు పనికీ మొజాయిక్‌కీ దగ్గరగా ఉంటుందని ఆమె చాలా ఇంటర్వ్యూల్లో చెప్పింది. కుట్టుపని తెలియడం ఆమెకి అడ్డంకి కాలేదు, అదే అర్హత అయింది. 2015లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం ఆమె గళ్ళ పుస్తకాల్ని సేకరించుకుంది. 1983 నుంచి 2015 అంటే ముప్ఫై రెండేళ్ళు.

1984 జనవరిలో వచ్చిన ఆ మొదటి మాకింటోష్‌లో ఒక చిన్న సదుపాయం ఉండేది. కంట్రోల్ పానెల్ తెరిస్తే ఎనిమిది గళ్ళు అడ్డం, ఎనిమిది గళ్ళు నిలువు ఉన్న చదరం కనిపించేది. ఆ 64 చుక్కల్లో ఏవి నలుపో ఏవి తెలుపో మనమే నొక్కి నిర్ణయించుకోవచ్చు. ఆ నమూనా తెరంతా పరుచుకునేది. మామూలు జనం చేతికందిన తొలి తెర అలంకరణల్లో అదొకటి. దాన్ని ముగ్గు అనకుండా ఉండటం నాకైతే కష్టం.

ఇది నా ఊహలోంచి లాక్కొచ్చిన పోలిక కాదు. మాకింటోష్ కంటే పదేళ్ళ ముందే, మద్రాసు పక్కన తాంబరంలోని క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, వారితో కలిసి పనిచేసిన కమలా కృతివాసన్ తమిళ ముగ్గుల్ని, అంటే కోలాల్ని, కంప్యూటర్ శాస్త్రంలోకి తీసుకెళ్ళారు. చుక్కల వరసల చుట్టూ గీత ఎలా తిరుగుతుందో చెప్పే నియమాలను ఒక వ్యాకరణంగా రాయొచ్చని వాళ్ళు 1974లో ఒక అంతర్జాతీయ కంప్యూటర్ గ్రాఫిక్స్ పత్రికలో ప్రచురించారు. ముగ్గురిలో ఇద్దరు స్త్రీలు. రాణి శిరోమణి మన దేశంలో సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన తరం మనిషి, 2019లో మరణించారు. ముగ్గు పెట్టే స్త్రీ మనసులో ఒక క్రమం ఉందనీ, దాన్ని వేళ్ళు గుర్తుపెట్టుకుంటాయనీ ఈ శాస్త్రం ఒప్పుకుంది. ఆ క్రమాన్ని తరాలుగా పోషించిన వాకిళ్ళ వాళ్ళ పేర్లు మాత్రం ఏ సిద్ధాంతానికీ పెట్టలేదు.

మన వారపత్రికలు సంక్రాంతికి ముందు ముగ్గుల పేజీలు వేసేవి. కింద ఒక్క వాక్యం ఉండేది: '15 చుక్కలు, 8 వచ్చేదాకా, సందు చుక్క'. తెలిసినవాళ్ళకి ఈ వాక్యం చాలు. పదిహేను చుక్కలతో మధ్య వరస, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గుతూ ఎనిమిది, ఏ చుక్కా పై చుక్కకి ఎదురుగా కాకుండా రెంటి సందులో. ఆరుపలకల గడి సిద్ధం. ఇంత తక్కువ మాటల్లో ఇంత కచ్చితమైన సూచనని ఇంజనీరింగు భాషలో ఏమంటారో ఈ పత్రిక చదివే కంప్యూటర్ అధ్యాపకులకి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మళ్ళీ లినక్స్ కుర్రాళ్ళ దగ్గరికి వద్దాం. వాళ్ళు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే ఫైళ్ళని 'డాట్‌ఫైల్స్' అంటారు. పేరు ముందు చుక్క ఉంటుంది గనక. యునిక్స్ తొలినాళ్ళలో ఫైళ్ళ జాబితా చూపించే ప్రోగ్రాము, పనికిరాని రెండు పేర్లని దాటవేయడానికి, చుక్కతో మొదలయ్యే వాటినన్నిటినీ దాటవేసేలా ఎవరో దగ్గరిదారి తొక్కారట. ఆ పొరపాటే తర్వాత ఆచారమైందని యునిక్స్ బృందంలో పనిచేసిన రాబ్ పైక్ రాశాడు. అలా దాగిపోయిన ఫైళ్ళలోనే ఒక మనిషి రుచులన్నీ ఉంటాయి.

1984లో ఎమ్.ఐ.టి.లో మొదలైన ఎక్స్ విండో వ్యవస్థ కిటికీలు గీయడానికి సాధనాలిచ్చింది గాని అవి ఎలా ఉండాలో నిర్దేశించలేదు. ఆ ఖాళీలోంచే ఈ సంస్కృతంతా పుట్టింది. 1993లో ఎఫ్‌విడబ్ల్యుఎమ్, 1997లో ఎన్‌లైటెన్‌మెంట్, ఇలా కిటికీల అలంకరణ చూసుకునే ప్రోగ్రాములు వరసగా వచ్చాయి. విండోస్ వాడేవాళ్ళు విన్‌ఆంప్ అనే పాటల ప్రోగ్రాముకి 'తొడుగులు' మార్చుకునేవారు. 2000 ఆగస్టులో మొదలైన డీవియంట్‌ఆర్ట్ ఇప్పుడు చిత్రకారుల స్థలంగా తెలుసు గాని దాని మొదటి మూలాలు ఈ తొడుగుల పంపిణీలో ఉన్నాయి. ఆ ప్రోగ్రాముల జాబితా పొడుగ్గా రాయొచ్చు, దాంతో మనకు పని లేదు. పని ఉన్నది ఆ ప్రపంచం తనకి తాను పెట్టుకున్న పేర్లతో.

తెర తీర్చిదిద్దడాన్ని వాళ్ళు 'రైసింగ్' అంటారు. రైస్ అంటే అన్నమే. జపాన్ బైకుల్నీ కార్లనీ ఎద్దేవా చేస్తూ అమెరికాలో పుట్టిన 'రైస్ బర్నర్' అనే జాతి దురహంకారపు తిట్టు నుంచి వచ్చింది. ఇంజను మార్చకుండా పైపై సోకులు చేసిన కారుని వెక్కిరించే మాట. తర్వాత దానికి గౌరవమైన పూర్తిరూపం ఒకటి అతికించారు గాని అతుకు కనిపిస్తూనే ఉంటుంది. అన్నం తినేవాళ్ళం మనం ఆ మాట విని ఏమనుకోవాలో వాళ్ళకి తట్టినట్టు లేదు. గమనించండి, 'పైపై సోకు' అన్న నింద ఈ పని మీద కూడా మొదట పడింది. మగవాళ్ళు దాన్ని నవ్వుతూ నెత్తిన పెట్టుకుని బిరుదుగా మార్చుకోగలిగారు. సోకుల నింద మోసే ఆడవాళ్ళకి ఆ వెసులుబాటు ఎప్పుడు దొరికింది?

రెండో పేరు ఇంకా ఇబ్బందిపెట్టేది. ఈ తెరల్ని పంచుకునే ప్రసిద్ధమైన వేదిక పేరు 'యునిక్స్‌పోర్న్'. అక్కడ అశ్లీల చిత్రాలేమీ ఉండవు. కొండల ఫొటోలకీ తిండి ఫొటోలకీ కూడా అదే తోక తగిలించే ఆచారం అక్కడుంది, ఇదీ అలాంటిదే అంటారు. నిజమే. కాని ఆఫీసులో పక్క సీటు మగవాడు ఆ పేరు చెప్పి నవ్వినట్టు, అదే ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి చెప్పి నవ్వలేదు. తన తెర చూపించాలంటే ఏ గుమ్మంలోంచి లోపలికి రావాలో ఆ పేరే చెప్తోంది.

గుమ్మం దాటాక గోడల మీద ఏముంది? వెనక పరిచిన బొమ్మల్లో నక్షత్రాలు, పర్వతాలు ఎన్నో, పెద్ద కళ్ళ జపాన్ కార్టూన్ అమ్మాయిలూ అన్ని. ఇది ఈ ఒక్క సమూహం చేసుకున్న అలవాటు కాదు. 1973లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బొమ్మల్ని అంకెలుగా మార్చే పరిశోధన చేస్తున్నవాళ్ళకి ఒక పరీక్షా చిత్రం కావలసి వచ్చింది. అందుబాటులో ఉన్నది 1972 నవంబరు ప్లేబాయ్ సంచిక. అందులోని మోడల్ బొమ్మని భుజాల వరకు కత్తిరించి స్కాన్ చేశారు. 'లెనా' పేరుతో ఆ చిత్రం యాభై ఏళ్ళు పాఠ్యపుస్తకాల్లో, పరిశోధనా పత్రాల్లో కొనసాగింది. ఐఇఇఇ కంప్యూటర్ సొసైటీ తన పత్రికల్లో ఆ బొమ్మని ఇక స్వీకరించనన్నది 2024 ఏప్రిల్ 1 నుంచి. మన ఆడపిల్లలు ఇంజనీరింగు తరగతి గదుల్లో ఎన్ని తరాలు ఆ బొమ్మని చూసి, ఎక్కడిదో తెలియకుండానే, దాని అంచుల్ని లెక్కలు కట్టి ఉంటారో! ఉబుంటు తొలి విడుదల 2004 అక్టోబరులో వచ్చినప్పుడు, నెలకో కొత్త బొమ్మ తెర మీదికి తెచ్చే కేలండర్ ప్యాకేజీ దానికి తోడుగా ఉండేది. చాలీచాలని బట్టల్లో స్త్రీపురుషుల ఫొటోలు. మానవత్వం అన్న అర్థమున్న పేరు పెట్టుకున్న వ్యవస్థ అది. గొడవ జరిగింది, కొన్నాళ్ళకి ఆ కేలండరు కనుమరుగైంది.

ఇదే కాలంలో ఆడపిల్లలు ఏం చేస్తున్నారు? తెరలు తీర్చుకుంటూనే ఉన్నారు, వేరే వీధిలో. 1999లో మొదలైన లైవ్‌జర్నల్‌లో వంద చుక్కల చదరంలో బొమ్మలు చేసి పంచుకునేవారు. తీసుకున్నవాళ్ళు తయారు చేసినవాళ్ళ పేరు చెప్పి తీరాలన్న మర్యాద కచ్చితంగా పాటించేవారు. అదే ఏడాది వచ్చిన నియోపెట్స్ ఆటలో తమ పెంపుడు బొమ్మలకి పేజీలు కట్టడానికి ఎంతోమంది అమ్మాయిలు హెచ్‌టిఎమ్‌ఎల్ నేర్చుకున్నారు. తర్వాత మైస్పేస్ పేజీల నేపథ్యాలు. అమెరికాలో ప్యూ సంస్థ 2007లో ప్రకటించిన సర్వే ప్రకారం ఇంటర్నెట్ వాడే టీనేజి అమ్మాయిల్లో 35 శాతం బ్లాగులు రాస్తుంటే అబ్బాయిల్లో 20 శాతమే. కోడు రాయడం, రంగుల సంఖ్యలు గుర్తుపెట్టుకోవడం, ఒకరి నుంచి తీసుకుని మార్చి ఇంకొకరికివ్వడం - అబ్బాయిల డాట్‌ఫైళ్ళలో ఉన్నవన్నీ ఇక్కడా ఉన్నాయి. కాని దీన్ని 'గులాబీ రంగు పిచ్చి' అన్నారు. ఆ పేజీల్లో చాలా భాగం ఆ కంపెనీలతో పాటే పోయింది. మగపిల్లల ఫైళ్ళు 2008లో వచ్చిన గిట్‌హబ్‌లో చేరి, తేదీలతో సహా భద్రపడి, ఉద్యోగాలిచ్చేవాళ్ళు తెరిచి చూసే దస్తావేజులయ్యాయి. ఏది జ్ఞానం అన్న నిర్ణయం కొన్నిసార్లు ఏది ఎక్కడ దాచారన్న దాన్ని బట్టి కూడా జరుగుతుంది.

లెక్క ఎంత పక్కకి ఒరిగిందో ఒక్క అంకె చెప్తుంది. 2006లో గూగుల్ వేసవి కార్యక్రమం కింద గ్నోమ్‌కి, అంటే లినక్స్ డెస్క్‌టాపుల్లో ముఖ్యమైన ఒకదానికి, 181 దరఖాస్తులొచ్చాయి. ఒక్కటీ స్త్రీది కాదు. హనా వాలక్, క్రిస్ బాల్ అనే ఇద్దరు పూనుకుని అదే వేసవిలో స్త్రీల కోసం విడిగా పిలుపిస్తే వంద దాకా వచ్చాయి. అమ్మాయిలకి ఆసక్తి లేదన్న వాదన కొన్ని వారాల్లో కూలిపోయింది. ఈ ప్రయత్నమే తర్వాతి కాలంలో అవుట్‌రీచీగా ఎదిగింది. అంతకు ముందే, 1998లో మొదలైన లినక్స్‌చిక్స్ బృందం నుంచి వాల్ హెన్సన్ 2002లో ఒక మార్గదర్శిని రాసింది. స్త్రీలని ఇందులోకి రానివ్వాలంటే మగవాళ్ళు ఏం చెయ్యాలి, ఏం మానాలి అని. అందులోని ఒక సలహా నాకెంతో ఇష్టం: ఆమె నేర్చుకుంటుంటే చేతిలోంచి కీబోర్డు లాక్కోవద్దు. ఇంత చిన్న మాట రాసి చెప్పాల్సి వచ్చింది.

ఇలా రాస్తూ ముగ్గుని మరీ నెత్తిన పెట్టుకుంటున్నానా అన్న అనుమానం మీకూ వచ్చి ఉంటుంది. వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టడం చాలామందికి కళ కాదు, తెల్లవారుజామున తప్పని చాకిరీ. ఎవరి వాకిలి, ఎవరి పేడ, ఎవరు ఎత్తారు అన్న ప్రశ్నలు దళిత స్త్రీలు ఎప్పుడో అడిగారు. సొంత వాకిలే లేనివాళ్ళున్నారు. అటు తెరలు తీర్చుకునే కుర్రాడికి కూడా సొంత యంత్రం, తలుపేసుకునే గది, తెల్లారితే వంట చెయ్యక్కర్లేని రాత్రి ఉన్నాయి. మన ఇళ్ళలో కంప్యూటరు వచ్చిన కొత్తల్లో అది హాల్లో ఉండేది, దాని కుర్చీ కొడుకుది. అమ్మ పాస్‌వర్డు అడిగి కూచునేది. అడిగి కూచున్న తెరకి ఎవరు రంగులు మారుస్తారు?

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ కుర్రాళ్ళ ఇచ్చిపుచ్చుకోవడంలో నిజమైన ఔదార్యం ఉంది. ముక్కూమొహం తెలియనివాడికి అర్ధరాత్రి కూచుని ఏ వరస మార్చాలో చెప్తారు. ఇంకా తమాషా ఏమిటంటే, వాళ్ళు బొమ్మ తీసే ముందు తెరంతా సర్దుతారు. 'శుభ్రంగా ఉన్నది' ఒకటి, 'పని జరుగుతున్నట్టున్నది' ఒకటి, రెండు బొమ్మలు పెట్టడం ఆనవాయితీ. ఆ రెండోది కూడా సర్దిందే. చుట్టాలొచ్చే ముందు ఇల్లు సర్దే ఆదుర్దా, వాళ్ళు వెళ్ళాక గాని వాడని కప్పులు - ఇవన్నీ మనకి కొత్త కాదు. ఇంటిపని వాసన తగలని చోట మగవాళ్ళు ఇంత ఇష్టంగా ఇల్లు సర్దుతారని ఎవరు అనుకున్నారు?

లినక్స్ తెలుగు అనువాదాలు కొన్నిటిలో డెస్క్‌టాప్‌ని 'రంగస్థలం' అన్నారు. ఎవరికి తట్టిందో గాని బల్లకంటే నాకు ఆ మాటే నచ్చింది. ఆఫీసు పోయింది, గుమాస్తా పోయింది, చూసేవాళ్ళ కోసం వెలిగే వేదిక మిగిలింది. ఆ వేదిక మీద ఇప్పుడు ఎక్కువగా కనబడేది టెర్మినల్, అంటే అక్షరాలతోనే నడిచే నల్లటి కిటికీ. దాని లోపల తెరంతా సమానమైన గళ్ళు. ఒక అక్షరానికి ఒక గడి. వరసకి 80 అక్షరాలన్న కొలత 1928 నాటి ఐబిఎమ్ చిల్లుల కార్డు నుంచి వచ్చింది. ఆ కార్డులకి చిల్లులు కొట్టింది కూడా ఎక్కువగా ఆడపిల్లలే, అది మరో కథ. రోమన్ లిపి ఆ గళ్ళలో ఒదిగి కూచుంటుంది. ఈ సమూహంలో చేరదామనుకున్న మన అమ్మాయి, అన్నీ నేర్చుకుని, రంగులు కూర్చుకుని, పైన తన పేరు తెలుగులో రాసుకుందామని 'లక్ష్మి' అని కొడితే, చాలా టెర్మినళ్ళలో ఒత్తు ఒక గడిలో, గుడి ఇంకో గడిలో విడిపోయి పడతాయి. 'ల' మాత్రం సరిగ్గా వస్తుంది.